ఎర్ర గీత లేని ఇల్లు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం శివార్లలో ఇంకా నిలిచి ఉన్న పాత కట్టడాల మీద ఒక చేతిపుస్తకం రాయాలని, బడిపంతులుగా రిటైరైన మరుసటి నెలే మొదలుపెట్టాను. ఆరు నెలల్లో అయిపోతుందనుకున్నాను. ఐదేళ్లు పట్టింది. ఒక ఇంటి గురించి రాసి పక్క వీధికి మళ్లేలోపే వెనక జేసీబీ చప్పుడు వినబడేది. రాసిన పేజీలకంటే కొట్టేసిన పేజీలే ఎక్కువ. నిజం చెప్పాలంటే చివరి రెండేళ్లు ఇష్టంతో తిరగలేదు, మొదలుపెట్టిన పాపానికి తిరిగాను.

టేపు, నోటుపుస్తకం, ఎర్ర సుద్దముక్క, ఇవే నా సరంజామా. టేపు రెండో కొన పట్టుకునేవాళ్లు లేరు. కొలిచినంత మేర గోడమీద సుద్దతో చిన్న గీత గీసి, అక్కణ్నుంచి మళ్లీ కొలిచేవాణ్ని. సున్నం గోడమీద తెల్ల సుద్ద కనబడదు కదా, ఎర్రదే నయమనుకున్నాను. అంత తెలివి నాది.

పుంగనూరు శివారులో ఒక మిద్దె ఇల్లుండేది. టేకు దూలాలు, నున్నటి రాతి స్తంభాలు, వీధివైపు మనుషులు పడుకునేంత వెడల్పు తిన్నెలు. ఇంటావిడ మజ్జిగ ఇచ్చి, "మా మామగారి నాయన కట్టించినాడు సారూ, ఒక్క పగులు లేదు సూడండి" అంది. రెండు పేజీలు రాసుకున్నాను. ఆ ఇంటి ఫోటోనే అట్టమీద వేయాలనుకున్నాను.

ప్రూఫులు వచ్చాక మంచి ఫోటో కోసం మళ్లీ వెళ్లాను. ఇల్లు లేదు. స్తంభాలు రోడ్డు పక్కన పడేసి ఉన్నాయి. ఆవిడ కొత్త పునాదికి నీళ్లు పడుతోంది.

"యాల కొట్టేశారమ్మా?" అన్నాను. ఎందుకు అనబోతే నోట్లోంచి మా ఊరి మాటే వచ్చింది.

"మీరు కొలిసి పోయినాక గోడమీద ఎర్ర గీతలు సూసినాం సారూ. రోడ్డు వెడల్పు చేస్తాండారని వీధంతా అనిరి. వాళ్లొచ్చి అడ్డదిడ్డంగా కొట్టేదానికంటే మనమే కొట్టుకుని ఎనక్కి జరిగి కట్టుకుందామని మా ఆయన అనె."

"అది సుద్దమ్మా. తడిగుడ్డతో తుడిస్తే పోయేది."

"సర్కారు గీత తుడిస్తే కేసు పెడతారని భయపడితిమి సారూ."

రోడ్డు వెడల్పు చేసేవాళ్లు టేపుతో వచ్చి, ఎర్ర గీత పెట్టి వెళ్తారు. ఈ ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. మా వీధి గోడలమీదే ఉన్నాయి. అయినా తట్టలేదు. చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. ఆవిడ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు, ఈసారి కూడా మజ్జిగ ఇచ్చింది. తాగలేక తాగాను.

పుస్తకంలో చేర్చాల్సింది ఇంకొక్కటే మిగిలింది. కుప్పం అవతల, పెంకుల పంచ ఉన్న ఇల్లు. ఐదేళ్లలో నేను చూసినవాటిలో అంత చక్కటిది లేదు. సంచిలో టేపు లేదు, సుద్ద లేదు, నోటుపుస్తకం మాత్రం ఉంది. తిన్నెమీద చింతపండు గింజలు తీస్తున్న పెద్దాయన నన్నూ, నా సంచినీ చూసి చేతిలో పని ఆపాడు.

"కొలిచేదానికి వచ్చినారా సారూ? అట్లయితే ఇప్పుడే చెప్పేయండి. వానలకు ముందే కొట్టుకుంటాం."

పుస్తకం సంగతి చెప్పవచ్చు. చెబితే నమ్మవచ్చు కూడా. కానీ నేను వెళ్లాక వీధంతా ఏమంటుందో నాకిప్పుడు తెలుసు.

"లేదప్పా. ఎండ ఎక్కువగా ఉంది, కాసేపు కూర్చుందామని వచ్చాను."

ఆయన చింతపండు చాట పక్కకు జరిపి చోటిచ్చాడు. రాయి చల్లగా ఉంది. సంచి తెరవకుండానే లేచి వచ్చేశాను.

పుస్తకం అచ్చయింది. కుప్పం తెలిసినవాళ్లు నన్ను ఎగతాళి చేస్తారు, అంత మంచి ఇల్లు ఎట్లా వదిలేశావని. వయసైపోయింది, కళ్లు ఆనలేదంటాను. మొన్న బస్సులో అటు వెళ్తూ కిటికీలోంచి చూశాను. ఇల్లు ఉంది. తిన్నెమీద చింతపండు ఎండబోశారు.