మా ఇంటామె ముక్కు

మా ఇంటామె పోయిన వారం నంద్యాల ఆసుపత్రిలో కన్ను మూసింది. పరామర్శకు వచ్చినవాళ్లంతా "నిన్ను ఎట్ల భరించిందో మహాతల్లి" అంటున్నారు. ఆ మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. అందుకే రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతే, తప్పులుంటే నవ్వుకోండి.

ఆళ్లగడ్డ రైసుమిల్లులో మూటలు మోసేవాణ్ణి. సాయంత్రం నేను గడప తొక్కితే పిల్లలు ముక్కులు మూసుకుని పరుగెత్తేవాళ్లు. ఆమె మాత్రం చెమటకు తడిసిన నా చొక్కా తీసుకుని భుజాన వేసుకునేది, అట్లాగే అన్నం వడ్డించేది. ఎంత ప్రేమో అని మిల్లులో అందరి దగ్గరా గొప్పలు పోయాను.

నంద్యాలలో డిగ్రీ చదివే మా మనవరాలు పోయిన నెల సెలవులకు వచ్చి నా గాలి తీసేసింది.

"తాతా, ముక్కులో వాసన పట్టే ప్రోటీన్లు వందల రకాలుంటాయి. ఒక్కోదాన్ని చేసే జన్యువు ఒక్కోటి. అందరికీ అన్నీ పనిచెయ్యవు. అవ్వకు చెమట వాసన పట్టేది చెడిపోయిండొచ్చు."

"మరి మల్లెపూలు తెలుస్తాయి గదా?"

"అవన్నీ తెలుస్తాయి. నీ కంపొక్కటే తెలీదేమో."

పొయ్యి దగ్గర ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు మాత్రం లోపల చీమలు పాకినట్టయింది. మరునాడు చెమట కంపు కొట్టే నా చొక్కా తెచ్చి ఆమె కంచం పక్కనే పెట్టాను. నింపాదిగా తినేసి, "ఏం చేస్తాండావ్ ముసిలోడా, ఇదేందీ కొత్త తెగులు?" అని దాన్ని తొట్టిలో పడేసింది. ప్రేమా, జన్యువా? తేలలేదు.

ఆయాసం ఎక్కువై ఆమెను నంద్యాలకు తీసుకుపోయే రోజు, బస్సులో ఇక ఆగలేక అడిగేశాను.

"నిజం చెప్పు. ఇన్నేండ్లూ నన్ను ఓర్చుకున్నావా, లేక నీకు తెలీనే తెలీదా?"

"తెలీదప్పా. నీకాడ కంపు యాడుందో నాకు ఈ పొద్దుకీ తెలీదు."

నా మొహం మాడిపోయింది. ఆమె కాస్త ఊపిరి తీసుకుని, "చెవులు బాగనే ఉండాయి గదా. పొద్దున లేస్తే వాగతానే ఉంటావు. అది గూడా జన్యువు పుణ్యమేనా?" అంది. ముందు సీటువాళ్లు పగలబడి నవ్వారు.

ఆసుపత్రిలోనూ నా నోరు ఊరుకోలేదు. నర్సులను ఆటపట్టిస్తుంటే పెద్ద నర్సమ్మ వచ్చి, "ఆమెకు నిద్ర కావాల, బయటికి పో పెద్దాయనా" అని తరిమింది. వరండాలో గమ్మున ఉండలేక వాచ్‌మన్ మీసాల మీద ఎగతాళికి దిగాను. వాగుతూనే మధ్యలో కిటికీలోంచి చూశాను. ఆమె మూతికి మాస్కు, కళ్లు మూసే ఉన్నాయి. చెయ్యి మాత్రం మెల్లగా లేచి, చెవి మీది దుప్పటిని పక్కకు జరుపుకుంటోంది.