గెంగ్ పిన్ని కదలనంది

మా ఊరికి సైన్యం వచ్చిన రోజున పట్టుపురుగులు మంచి ఆకలి మీద ఉన్నాయి. గంపెడు మల్బరీ ఆకు నెత్తిన పెట్టుకుని గెంగ్ పిన్ని నడివీధిలోకి వచ్చేసరికి, హెబా అనే దళపతి గుర్రం మీంచి ఆజ్ఞ వినిపిస్తున్నాడు. ధాన్యం బండ్లకెత్తాలి. ఊరంతా ఉత్తరాన కొత్త రాజధానికి నడవాలి. వెనక్కి రాకుండా ఇళ్ళు తగలబెడతారు.

పిన్నికిది కొత్త కాదు. పసితనంలో ఒక రాజు వాళ్ళ పల్లెను పెకలించి తోలుకుపోతే దారిలో తండ్రి పోయాడు. ఆ రాజును చంపినవాడు మరో చోటికి నడిపిస్తే భర్త పోయాడు. నిలబడి ఏడవడానికి కూడా సైనికులు ఆగనివ్వలేదు. ఎలాగో తప్పించుకుని, జాంగ్ నది ఒడ్డున ఉన్న మా ఊరు చేరింది.

"నేను రాను బాబూ," అంది పిన్ని.

"రాజుగారి ఆజ్ఞ!"

"ఏ రాజు? పోయినసారి ఆయన పేరు నాకు నోరు తిరిగేలోపే తల తెగిపోయింది."

జనం కిసుక్కున నవ్వారు. హెబా మొహం కందిపోయింది.

"నాలుక కోయిస్తా!"

"కోయించు. నడవాల్సింది కాళ్ళు కదా, అవీ నీ మాట వినవు."

కొరడా ఆమె భుజాన్ని చీల్చింది. ఆకు దుమ్ములో చెల్లాచెదురైంది. పిన్ని లేచి, ధాన్యమెత్తిన బండి దగ్గరకు నడిచి, చక్రానికున్న చీల ఊడబెరికి నదిలోకి విసిరేసింది. ఎద్దులు కదలగానే చక్రం ఊడి, బండి ఒరిగి, జొన్నలు నేలపాలయ్యాయి.

సైనికులు ఆమెను పట్టుకుని చెట్టుకు కట్టేశారు. ఊరిపెద్ద ఫాన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఊరివాళ్ళందర్నీ చంపిస్తావా అమ్మాయీ?"

"నడిచినా చస్తాం మామా. ఇక్కడైతే పూడ్చడానికి మనవాళ్ళుంటారు."

అందరూ చూస్తుండగా మా అమ్మ వెళ్ళి రెండో బండి చీల పీకింది. తర్వాత కమ్మరి భార్య పీకింది. ఆ తర్వాత ఎవరు పీకారో చెప్పలేను, అంత గోల.

హెబా వెంట ఉన్నది చిన్న దళమే. ఇళ్ళకు నిప్పుపెట్టి, చేతికందిన కుర్రాళ్ళను తాళ్ళతో కట్టి లాక్కుని, పెద్ద సైన్యంతో వస్తానని వెళ్ళాడు. కమ్మరి కొడుకూ అందులో ఉన్నాడు. వాడు మళ్ళీ రాలేదు. ఆ తల్లి ముందు పిన్ని ఎప్పుడూ తలెత్తి మాట్లాడలేదు.

కట్లు విప్పించుకోగానే పిన్ని, మిగిలిన ధాన్యంతో అందర్నీ కొండ మీది పాత మట్టికోటలోకి ఎక్కించింది. ఆడవాళ్ళం గోడ మీద రాళ్ళు పేర్చాం. హెబా అన్నట్టే వచ్చాడు.

"తలుపు తియ్యండి, క్షమిస్తా!" అని కింద నుంచి అరిచాడు.

"మేం నిన్ను క్షమించలేదు, పో!" అంది పిన్ని.

నిచ్చెనలు వేశారు. రాళ్ళు దొర్లించాం. రెండోసారి ఎక్కడానికి వాళ్ళు సిద్ధమవుతుండగా వార్త వచ్చింది. వాళ్ళ రాజును సొంత తమ్ముడి కొడుకే చంపాడట. ఎవరి కోసం పోట్లాడాలో తెలియక సైనికులు ఎటువాళ్ళటు చెదిరిపోయారు.

మేం బూడిదలోకి దిగివచ్చాం. మరుసటేడు, ఉత్తరానికి తరలించబడ్డ వేరే ఊళ్ళ వాళ్ళు కొందరు పారిపోయి, కాళ్ళు పుండ్లుపడి మా దగ్గరకు చేరారు.

"ఇక్కడ ఏ రాజు పాలన తల్లీ?" అని భయంగా అడిగారు.

"ముందు గంజి తాగండి," అంది పిన్ని. "తర్వాత పారలు పట్టండి. కోట గోడ ఇంకా ఎత్తు లేపాలి."