సన్యాసిరావు మాస్టారి తరగతి నియమాలు

సన్యాసిరావు మాస్టారు ముప్పై ఆరేళ్ళు తెలుగు పాఠం చెప్పారు. అందులో మొదటి ఇరవై ఏళ్ళు చేతిలో చింతబరికె లేకుండా తరగతిలో అడుగు పెట్టలేదు. చివరి పదమూడేళ్ళు నేను ఆయనతో కలిసి పనిచేశాను. నా పేరు మణి, హిందీ టీచర్ని. మా హైస్కూలు అనకాపల్లి నుంచి చీడికాడ వెళ్ళే దారిలో, చెరకు తోటల మధ్య ఉంటుంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల తెలుగు మాస్టారిది. ఇక్కడ రాస్తున్నదాంట్లో కొంత నేను చూసింది, కొంత ఆయన చెప్పింది, కొంత ఆయన చేతి దెబ్బలు తిన్నవాళ్ళు చెప్పింది.

ఆయన మాడుగుల దగ్గర ఒక రైతు ఇంట్లో పుట్టారు. తండ్రి అప్పలరమణకి అక్షరం రాదు. కొడుకు మాత్రం తప్పు లేకుండా రాయాలి. బడిలో మాస్టారు ‘తప్పు’ అన్నారని తెలిస్తే చాలు, తోటలోంచి చెరకు గడ విరుచుకొచ్చి వీపు మీద వాయించేవాడు. నాలుగు దెబ్బలకి గడ చీలేది. చీలిన అంచు చర్మాన్ని కోసేది. ఒకసారి స్టాఫ్ రూంలో చొక్కా మార్చుకుంటుంటే ఆ గీతలు నేను చూశాను.

“ఈ దెబ్బల వల్లే నాకు భాష వచ్చిందమ్మా” అన్నారు. నిజంగానే నమ్మి అన్నారు.

నమ్మారు కాబట్టే తన తరగతిలోనూ అదే అమలు చేశారు. ఒత్తు తప్పితే ఒక దెబ్బ, దీర్ఘం తప్పితే రెండు. ఇంట్లో మాట్లాడే మాట నోటు పుస్తకంలో కనబడితే ఆ దెబ్బలకి లెక్క లేదు. మోకాళ్ళ వెనక, వేళ్ళ కణుపుల మీద, పిక్కల మీద కొట్టేవారు. పిల్లలు కుంటుకుంటూ ఇంటికి వెళ్ళేవారు. తల్లిదండ్రుల్లో ఒక్కరు కూడా అడగడానికి రాలేదు.

రెండువేల మూడులో ఆయన చీడికాడ మండలంలోనే ఇంకో బడిలో ఉన్నారు. ఏడో తరగతి పిల్లలకి ‘మా ఇంటి పశువు’ అని వ్యాసం రాయమన్నారు. తాతబ్బాయి అనే పన్నెండేళ్ళ పిల్లవాడు ఇలా రాశాడు: ‘మా ఆవు సచ్చిపోయింది. మాయమ్మ ఏడిసింది. నానేటీ సెయ్యనేకపోయేను.’

మాస్టారు దాన్ని అందరికీ వినబడేలా, సాగదీసి చదివారు. తరగతంతా నవ్వింది. తర్వాత ఒక్కో మాటకీ ఒక్కో దెబ్బ కొడుతూ సరైన మాట చెప్పించారు. ‘చచ్చిపోయింది’ అనమన్నారు, అన్నాడు. ‘ఏడ్చింది’ అనమన్నారు, అన్నాడు. మూడోదాని దగ్గర ఆ పిల్లవాడు ఆగిపోయాడు.

“మా ఇంట్లో అలాగే అంతాం మాస్టారూ” అన్నాడు.

మాస్టారు బరికె వదిలేసి అరచేత్తో ఎడమ చెంప మీద లాగి కొట్టారు. పిల్లవాడు బెంచీ మీదినుంచి కింద పడ్డాడు. లేచేసరికి చెవిలోంచి రక్తం కారి కాలరు తడిసింది. తండ్రి వచ్చాడు. కొడుకుని చూసి, “బాగా సేసేరు మాస్టారూ, ఈడికి బుద్ధి రావాల” అని తనూ ఒకటి వేసి తీసుకెళ్ళాడు. ఆ చెవికి మళ్ళీ వినబడలేదు. తాతబ్బాయి మళ్ళీ బడికి రాలేదు.

ఈ సంగతి మాస్టారికి గుర్తు లేదు. ఆయనకి అది మామూలు రోజు.

పిల్లల్ని కొట్టకూడదని చట్టం వచ్చాక ఆయన బరికె పక్కన పెట్టారు. పెట్టింది బరికెని మాత్రమే. ఎండలో నిలబెట్టడం, చెవి మెలిపెట్టడం, గులకరాళ్ళ మీద మోకాళ్ళు వేయించడం ఆగలేదు. ప్రతి జూన్‌లోనూ ‘తెలుగు తరగతి నియమాలు’ అని ఒక కాగితం పిల్లల చేత ఇంటికి పంపేవారు. పదమూడు నియమాలు. నోటు పుస్తకానికి అట్ట వేయాలి, మార్జిన్ గీయాలి, మూడుసార్లు హోంవర్కు తేకపోతే తండ్రి రావాలి. నాలుగోది ఇది: ‘తరగతిలో యాస మాట్లాడరాదు, రాయరాదు. రాసినవారు ఆ పూటంతా గుమ్మం బయట మోకాళ్ళ మీద ఉండాలి.’ అడుగున తండ్రి సంతకం.

రెండువేల ఇరవై మూడు జూన్‌లో ఏడో తరగతిలో బిందుమాధవి అని కొత్తపిల్ల చేరింది. వాళ్ళ కుటుంబం ఆ వేసవిలోనే తల్లి పుట్టిన ఊరికి, అంటే మా బడి ఉన్న ఊరికి మారింది. తండ్రి తాతబ్బాయి అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కళాసీ. ఆ సాయంత్రం కూతురు కాగితం చదివి వినిపిస్తుంటే అతను కుడి చెవి అటు తిప్పి విన్నాడు. నాలుగో నియమం మళ్ళీ చదవమన్నాడు. మూడోసారీ చదివించాడు.

“మీ తెలుగు మాస్టారి పేరేటి?” అని అడిగాడు.

ఆ పిల్ల చెప్పింది. అతను సంతకం పెట్టలేదు.

మర్నాడు రెండో పీరియడ్. నేను పక్క గదిలో ఎనిమిదో తరగతికి పాఠం చెబుతున్నాను. ఒక్కసారిగా బల్ల విరిగిన చప్పుడు, పిల్లల కేకలు. పరుగెత్తి వెళ్ళేసరికి తాతబ్బాయి మాస్టారిని చొక్కా పట్టుకుని కుర్చీలోంచి లాగి గోడకి అదిమి ఉన్నాడు. అరచేత్తో ఎడమ చెవి మీదే కొడుతున్నాడు. కొట్టిన ప్రతిసారీ ఒక మాట.

“సచ్చిపోయింది! ఏడిసింది! ఏటి మాస్టారూ, తప్పా? తప్పేనా?”

మాస్టారి కళ్ళజోడు పగిలి కనుబొమ్మలో దిగింది. కింద పడబోతుంటే అతను మోకాలితో దవడ మీద పొడిచాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు గుమ్మం దగ్గరికి వినబడింది. నేను అతని చెయ్యి పట్టుకుని వేలాడాను. బెల్లం మోసే చెయ్యి అది. ఒక్క విదిలింపుతో బెంచీ మీద పడేశాడు. నా గాజులు చితికి మణికట్టులో గుచ్చుకున్నాయి. పిల్లలు వెనక గోడకి అతుక్కుపోయి ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు.

అప్పుడు బిందుమాధవి ఇద్దరి మధ్యకి దూరింది. “నానా, వద్దు! నానా, సచ్చిపోతారు!” అంటూ తండ్రి నడుము పట్టుకుంది. అతను చూడలేదు. చూసినా ఆగే స్థితిలో లేడు. పైకెత్తిన చెయ్యి అలాగే దిగి ఆ పిల్ల ఎడమ చెంప మీద పడింది. ఆమె ఎగిరి పడిపోయింది.

ఆ పిల్ల మెల్లగా లేచి కూర్చుంది. ముక్కులోంచి రక్తం కారుతోంది. చేత్తో చెవి మూసుకుని తండ్రి వైపు చూసింది.

“నానా, ఈ సెవిలో గుయ్‌మంటంది” అంది.

తాతబ్బాయి నేల మీద కూలబడి, తల బల్లకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఈసారి అతన్ని పట్టుకోవడానికి నలుగురం కావలసి వచ్చింది.

ఊళ్ళో ఉన్నది ఒకటే ఆటో. మాస్టారిని, బిందుమాధవిని అందులోనే ఎక్కించాం. కూతుర్ని వదలనని తాతబ్బాయి కూడా ఎక్కాడు. మధ్యలో నేను కూర్చున్నాను. మాస్టారి నోట్లోంచి రక్తం, విరిగిన పన్ను ముక్కలు నా కొంగులోకి కారుతున్నాయి. సగం దారిలో తాతబ్బాయి ముందుకి వంగాడు.

“నేనెవరో గుర్తు నేదా మాస్టారూ?”

మాస్టారు తల అడ్డంగా ఊపారు.

తాతబ్బాయి అప్పుడు రెండువేల మూడు నాటి ఆవు సంగతి చెప్పాడు. వ్యాసంలోని మూడు వాక్యాలూ అప్పజెప్పాడు. “అది సచ్చిపోయిన రోజు నేను తిండి తిననేదు. అందుకే రాసేను. మీరు నవ్వించేరు” అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. నాకు దానికే ఎక్కువ భయం వేసింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. అనకాపల్లి చేరేదాకా తెరవలేదు.

బిందుమాధవి చెవికి ఏమీ కాలేదు, వారం రోజులు మోత మోగి తగ్గింది. మాస్టారి దవడకి తీగలు వేసి బిగించారు. ఎడమ చెవిలో వినికిడి సగం పోయింది. వాంగ్మూలానికి ఎస్.ఐ. వస్తే మాట్లాడలేక కాగితం మీద రాశారు. మొదటి వాక్యం: ‘ముందు కొట్టింది నేను, 2003లో.’

“ఇరవయ్యేళ్ళ కిందటి సంగతి ఇందులో ఎందుకండీ?” అన్నాడు ఎస్.ఐ.

‘అది రాయకపోతే నేను సంతకం పెట్టను’ అని రాశారు మాస్టారు.

కేసు ఆగలేదు. తాతబ్బాయి పద్నాలుగు రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. ఏడాది తర్వాత రాజీలో కొట్టేశారు.

మూడు నెలలకి మాస్టారు బడికి వచ్చారు. ఏడో తరగతిలో అడుగు పెడితే పిల్లలు నిలబడ్డారు గానీ ఎవరూ కళ్ళెత్తలేదు. ఆయన పాత నియమాల కాగితం చింపి, కొత్తవి మీరే చెప్పండి అన్నారు. బిందుమాధవి లేచింది.

“మాస్టారూ, మా మాట తప్పా?”

“తప్పు కాదమ్మా. నేనే తప్పు చెప్పాను” అన్నారు. దవడ ఇంకా సరిగా తెరుచుకోక మాట నలిగి వచ్చింది.

ఆ రోజు నాలుగు నియమాలు అయ్యాయి. నోటు పుస్తకంలో ఎడమ పేజీ ఇంటి మాటకి, కుడి పేజీ పుస్తకం మాటకి. రాసినవాళ్ళు ఒప్పుకుంటేనే పైకి చదవాలి. చదివేటప్పుడు నవ్వకూడదు. ఎవరూ ఎవర్నీ కొట్టకూడదు, మాస్టారు కూడా.

అంతటితో తరగతి బాగుపడిపోలేదు. బరికెకి అలవాటుపడ్డ పిల్లలు అది లేకపోయేసరికి ఒకళ్ళనొకళ్ళు కొట్టుకున్నారు. రెండో వారంలో తారక్ తన ఎడమ పేజీ చదువుతుంటే మోహిత్ కిసుక్కుమన్నాడు. తారక్ కాంపస్ తీసి మోహిత్ అరచేతిలో గుచ్చాడు. ముల్లు అవతలికి తేలింది. మాస్టారు ఒక్క అంగలో వెళ్ళి తారక్ మీదికి చెయ్యి ఎత్తారు. తరగతిలో నలభై మందీ ఒక్కసారే తలలు వంచి చేతులు అడ్డం పెట్టుకున్నారు. కొట్టబోయింది ఒక్కణ్ణే. దాక్కున్నది అందరూ.

ఆ చెయ్యి దించడానికి చాలాసేపు పట్టిందని ఆయనే నాకు చెప్పారు. తర్వాత తన రుమాలుతో మోహిత్ చేతికి కట్టు కట్టి, తారక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఏం జరిగిందో రాయించారు. వాడు పీరియడంతా రాశాడు.

రెండువేల ఇరవై ఐదులో రిటైరయ్యారు. తాతబ్బాయి ఆయనతో మళ్ళీ మాట్లాడలేదు, ఎదురైతే రోడ్డు దాటి పోతాడు. మాస్టారు పాత బడుల హాజరు పట్టీలు అడిగి, పేర్లు రాసుకుని, తను కొట్టిన పిల్లల ఇళ్ళు వెతుక్కుంటూ తిరగడం మొదలుపెట్టారు. కొందరు టీ ఇచ్చారు. కొందరికి ఆయనెవరో గుర్తు రాలేదు. రాజయ్యపేటలో కాసులమ్మ అనే ఆమె గుమ్మంలోనే నిలబెట్టింది. ఆమె కొడుకు మాస్టారి దెబ్బలకి భయపడి ఎనిమిదిలో బడి మానేశాడు, పదహారో ఏట సముద్రంలో పడవ తిరగబడి పోయాడు.

“బళ్ళో ఉంటే బతికుండీవోడు బాబూ” అంటూ చేతిలోని వేడి గంజి గిన్నె ఆయన మీద విసిరింది. పాదాలు రెండూ బొబ్బలెక్కాయి. పదిహేను రోజులు మంచం దిగలేదు. అది తనకి రావలసిందే అన్నారు.

ఆయన తట్టుకోలేకపోయింది అది కాదు. మాడుగులలో కన్నబాబు అని కానిస్టేబుల్ ఉన్నాడు. మాస్టారిని చూసి కాళ్ళకి దండం పెట్టాడు. హల్వా తెప్పించాడు.

“మీరు కొట్టబట్టే ఇంతోడినయ్యేను మాస్టారూ. నా గుంటడికీ అదే వైద్యం సేత్తన్నాను” అని తలుపు వెనక నుంచి నూనె పట్టించిన వెదురు కర్ర తెచ్చి గర్వంగా చూపించాడు. గది మూలన ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఆ కర్ర వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. పిక్కల నిండా నీలాలు.

“అది నాకిచ్చెయ్ నాయనా” అన్నారు మాస్టారు.

కన్నబాబు నవ్వాడు. సరదాకి అడుగుతున్నారనుకున్నాడు. కాదని తెలిశాక ముఖం మారింది. ఇవ్వలేదు. మాస్టారు హల్వా ముట్టకుండా అనకాపల్లిలో తన ఇంటికి వచ్చేశారు. ఆదివారం మళ్ళీ వెళ్ళారు. ఆ పై ఆదివారమూ వెళ్ళారు. కన్నబాబు ఇప్పుడు తలుపు తియ్యడం లేదు, ఆయన అరుగు మీద కూర్చుని వస్తున్నారు.