పొట్టి లారీకి నాలుగు ప్లగ్గులు

మొన్న మా అల్లుడితో కలిసి మహబూబ్‌నగర్‌లో మోటారు సామాన్ల దుకాణానికి వెళ్లాను. అతని పికప్ బండికి ప్లగ్గులు మార్చాలి. అతను బండి పేరు చెప్పాడో లేదో, కౌంటరు వెనుక ఉన్నాయన నాలుగు చిన్న అట్టపెట్టెలు తీసి ముందు పెట్టాడు. మా అల్లుడు వాటిని సంచిలో వేసుకున్నాడు. వాళ్లిద్దరికీ పని అయిపోయింది. నాకు కాలేదు. ఒక పెట్టె విప్పి, ఆ తెల్లటి పింగాణీని, మెరుస్తున్న మరలను వేళ్ల మధ్య తిప్పి చూస్తూ, "ఇది వేడిదా, చల్లదా?" అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "కూల్‌డ్రింకుల దుకాణం పక్కదే పెద్దాయనా" అన్నాడు. మా అల్లుడు నవ్వు ఆపుకుని నన్ను బయటికి నడిపించాడు.  నాకు కోపం రాలేదు. నా ముక్కుకు అప్పటికే పెట్రోలు, పల్లికాయ దుమ్ము, మా అత్త రాజేసిన జొన్నచొప్ప పొగ కలిసి తగులుతున్నాయి.

అది నిజాం రోజుల సంగతి. పెద్ద యుద్ధం ఇంకా మొదలుకాలేదు, పెట్రోలు డబ్బాల్లో దొరికేది. మక్తల్‌లో మా మేనమామ తన ఎడ్ల జతను, బండిని అమ్మేసి, ఎవరో వాడి వాడి వదిలేసిన చిన్న లారీ ఒకటి తెచ్చాడు. ముందు నుంచి చూస్తే కారు, వెనుక నుంచి చూస్తే చెక్కల తొట్టి. ఊరంతా దాన్ని పొట్టి లారీ అనేది. ఎడ్లు పోయిన రోజు మా అత్త అన్నం ముట్టలేదు. వాటి మెడలోని గంటలు మాత్రం విప్పి దాచుకుంది. లారీ కదిలినప్పుడల్లా వెనుక నుంచి నీలంగా పొగ వచ్చేది, అది పెట్రోలుతో పాటు ఇంజను నూనె కూడా తాగేది. "ఎడ్లు కుడితి తాగి పేడన్న ఇస్తుండె. ఇది తాగి పొగిస్తాంది" అనేది అత్త. మామ అన్నీ విని మీసం దువ్వుకుని, బండి తుడిచేవాడు. రోజుకు రెండుసార్లు తుడిచేవాడు.

ఇక నా సంగతి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. బడి చదువు ఉర్దూలో నాలుగో జమాతుతో ఆగింది. తెలుగు నాకు గ్రంథాలయమే నేర్పింది. గ్రంథాలయమంటే కిరాయికి తీసుకున్న ఒక గది, రెండు బీరువాలు, ఒక చాప. ఆ రెండు బీరువాల్లోని పుస్తకాలన్నీ చదివానని నేను ఊళ్లో చెప్పుకునేవాణ్ణి, అడగని వాళ్లకు కూడా చెప్పేవాణ్ణి. వాటిలో మద్రాసులో అచ్చయిన మోటారు బండ్ల పుస్తకం ఒకటుంది. ఈ కాలం వాళ్లకు తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. అప్పట్లో కొన్ని పుస్తకాలు అంచులు కోయకుండానే వచ్చేవి. పెద్ద కాగితాన్ని మడతపెట్టి కుట్టేవారు కనుక, కొన్ని పుటలు పక్కన అతుక్కుని సంచిలా ఉండేవి. చదివేవాడే కత్తితో చీల్చుకోవాలి. కాని మా గ్రంథాలయం సెక్రటరీగారికి పుస్తకాలంటే ప్రాణం. తన ఎదుట తప్ప ఎవరూ పుస్తకానికి కత్తి తగిలించకూడదని గోడకు కాగితం అంటించారు. ఆయనేమో వారానికి ఒకసారే వచ్చేవారు. నేను ఆగగలిగే మనిషిని కాను. మడతల్లోకి తొంగిచూసి దొరికినంత చదివి, దొరకనిది వదిలేసి, పుస్తకం మొత్తం చదివానని మామకు చెప్పాను.

ఆ ఏడు పల్లికాయ బాగా పండింది. మా ఊరి సావుకారు కృష్ణా స్టేషన్‌లో ఒక వ్యాగన్ మాట్లాడుకున్నాడు. సరుకంతా ఎడ్లబండ్ల మీద వెళ్తోంది. మామ ఆయన ఇంటికి పోయి, చివరి ఇరవై బస్తాలు తన లారీకి ఇమ్మని అడిగాడు. సావుకారు ఆలోచించి ఒక మాట అన్నాడు. "శుక్రవారం పగటీలి గూడ్సు కదిలేలోపు అందిస్తివా, ఈ సీజనంత నీదే. అందకపోతే మల్ల నా గడప తొక్కకు." మామ ఒప్పుకుని వచ్చాడు. ఆ కిరాయి రాకపోతే లారీ అమ్మడమే, మళ్లీ ఎడ్లు కొనే స్థోమతా ఉండదు. ఈ రెండో సంగతి అత్తకు చెప్పలేదు, నాకు చెప్పాడు.

చిక్కేమిటంటే లారీ ప్లగ్గులు అరిగిపోయాయి. ఇంజను లోపల పెట్రోలు ఆవిరికి నిప్పురవ్వ అంటించేది ప్లగ్గే. దాని మూతి దగ్గర రవ్వ దూకే సందు అరిగి వెడల్పయితే రవ్వ సరిగా దూకదు. పొద్దున ఇంజను లేపే హ్యాండిల్ తిప్పి తిప్పి మామ భుజం వాచింది. కొత్తవి రాయచూరులో దొరుకుతాయి. మామ నాలుగు పాత ప్లగ్గులూ విప్పి అత్త పాత చీర ముక్కలో మూట కట్టాడు. తెలిసినవాళ్ల ఎడ్లబండి మీద స్టేషన్‌కు, అక్కడి నుంచి రైలులో రాయచూరుకు వెళ్లాము. దారిలో నా నోటికి తీరిక లేదు. ప్లగ్గుల్లో రెండు జాతులుంటాయని, మూతి దగ్గర వేడిని పట్టి ఉంచేది వేడి ప్లగ్గని, వేడిని తొందరగా బయటికి వదిలేది చల్లని ప్లగ్గని మామకు చెప్పాను. నలభై తొమ్మిదో పుట చివరి వాక్యం నాకు నోటికి వచ్చు. 'ఎండలు మెండైన దేశములలో బరువు మోయు ఇంజనులకు చల్లని ప్లగ్గులే శ్రేయస్కరము.' మామ రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. తన మేనల్లుడు ఇంతటివాడయ్యాడని పక్కన కూర్చున్న ముసలాయనకు కూడా చెప్పాడు.

రాయచూరు దుకాణంలో తెల్లగడ్డం సాయెబు ఒకాయన మూట విప్పించి, పాత ప్లగ్గులను కళ్లద్దాల దగ్గర పెట్టుకుని చూశాడు. "అరిగినయి. గని జాతి మంచిదే, వేడి జాతి. గివే కొత్తయి తీస్కపోండి" అన్నాడు. నేను ముందుకు వంగి, మాకు చల్లనివి కావాలన్నాను. ఎందుకని అడిగాడు. నలభై తొమ్మిదో పుట చివరి వాక్యం అప్పజెప్పాను. ఆయన మామ వైపు చూశాడు. మామ నా వైపు చూశాడు. "కితాబు మొత్తం సదివినవా?" అని సాయెబు నన్ను అడిగాడు. "మొత్తం" అన్నాను. ఆయన చల్లని ప్లగ్గులు నాలుగు కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఇంటికి వచ్చి బిగించాము. ఒక్క తిప్పుకే లారీ అందుకుంది. మామ నన్ను ముందు కూర్చోబెట్టుకుని ఊరంతా రెండు చుట్లు తిప్పాడు. ఆ రెండు చుట్లలో నేనెంత పొంగిపోయానో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. శుక్రవారం పొద్దున ఇరవై బస్తాలు ఎత్తి బయలుదేరాము. రైలును దగ్గరినుంచి చూస్తానని అత్త కూడా ఎక్కింది. గేదెకు గడ్డి దొరుకుతుందేమోనని కొడవలి కూడా తెచ్చుకుంది. అది లేకుండా ఆమె పొలిమేర దాటి ఎరుగదు. నా సంచిలో పుస్తకం ఉంది. అది లేకుండా నేనూ ఎక్కడికీ పోయేవాణ్ణి కాదు.

సగం దారి బాగానే గడిచింది. గుంతల బాట, పెద్ద బరువు, నడక మెల్లగా. ఒక వాగు దాటి ఎత్తు ఎక్కుతుండగా ఇంజను దగ్గింది. మళ్లీ దగ్గింది. నాలుగు కాళ్లలో ఒక కాలు ఎత్తిపెట్టిన పశువులా కుంటి, ఆగిపోయింది. మామ చక్రాలకు రాళ్లు పెట్టి ప్లగ్గులు విప్పాడు. నాలుగూ నూనె మసితో నల్లగా, తడిగా ఉన్నాయి. గుడ్డతో తుడిచి పెడితే పది బారలు నడిచి మళ్లీ ఆగింది.

"నా ఎడ్లయితే గిట్ల నడిమిట్ల దగ్గకపోతుండె" అంది అత్త.

"ఎడ్లకు దగ్గు రాదా ఏంది?"

"వస్తది. గని దగ్గుకుంటనే నడుస్తయి."

అంతలో వెనుక నుంచి ఒక బండి వచ్చింది. మామ అమ్మిన ఎడ్లను కొన్న రైతు, ఆ ఎడ్లతోనే, సావుకారు బస్తాలు దించి రావడానికే పోతున్నాడు. ఎడ్లు అత్త పక్కకు రాగానే ఆగిపోయాయి. ఆమె వాటి గంగడోళ్లు నిమిరింది. "తాడుంది బావా, లారీని ఎనుక కట్టమంటవా?" అన్నాడు ఆ రైతు. "నువ్వు పోయ్యా, పో" అన్నాడు మామ. బండి వెళ్లిపోయాక మామ గట్టు మీద కూర్చున్నాడు. "అల్లుడా, నీ పుస్తకం ఏమంటాంది?" అని అడిగాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగాడు. అందుకే నాకు అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"మామా, నేను మొత్తం సదవలే."

"మొత్తం అంటివి గద."

"నలభై తొమ్మిది తర్వాత యాభై రెండే. నడుమ రెండు పుటలు అంటుకొని ఉన్నయి. కత్తి పెట్టొద్దని సెక్రటరీగారి హుకుం."

 అత్త బస్తాల మధ్య నుంచి కొడవలి తీసి నా చేతికిచ్చింది. "ఇగ కొయ్యి. జొన్న కోసినట్టు గుంజకు, మెల్లగ" అంది. నేను మెల్లగానే కోశాను, అయినా అంచు కుక్క కొరికినట్టు తెగింది. యాభయ్యో పుట మొదటి మాటలు ఈనాటికీ నాకు కంఠస్థం. 'అయితే, ఇంజను పాతబడి నూనెను మండించుచున్నచో పై మాట వర్తింపదు. అట్టిదానికి వేడి ప్లగ్గులే వాడవలెను. లేనిచో మసి పేరుకొని నిప్పురవ్వ చచ్చిపోవును.' రాయచూరు సాయెబు పాత ప్లగ్గులు చూసి చెప్పింది సరిగ్గా ఇదే.

వేడి ప్లగ్గులు ఇప్పుడెక్కడివి? మామ దేన్నీ పారేసే మనిషి కాదు. సీటు కింది నుంచి చీర ముక్క మూట తీశాడు. యాభై ఒకటో పుట పాత ప్లగ్గులను బాగుచేసే పద్ధతి చెప్పింది. నిప్పుల మీద మసి పోయేదాకా కాల్చి, గీకి, మూతిని మెల్లగా తట్టి సందును రెండు పోస్టుకార్డుల మందానికి తేవాలి. నేను చదువుతున్నాను, అత్త చేస్తోంది. పక్క చేను నుంచి జొన్నచొప్ప తెచ్చి నిప్పు చేసింది. ఏ ప్లగ్గు ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు తీయాలో ఆమెకు పుస్తకం అక్కర్లేకపోయింది. రొట్టెను చూసినట్టే చూసింది. నడిబాట మీద పోస్టుకార్డులు లేవు. నా జేబులో గ్రంథాలయం చందా కార్డు ఉంది. దాన్ని మడిస్తే సరిగ్గా ఆ మందం. నా పేరు రాసి ఉన్న ఆ కార్డును ఒక్కొక్క ప్లగ్గు మూతిలో దూర్చి, మామ పానాతో తట్టాడు. నాలుగోది అయ్యేసరికి కార్డు మీద నా పేరు కనిపించలేదు.

హ్యాండిల్ మూడో తిప్పుకు లారీ లేచింది. మేము గెంతి ఎక్కాము. వెనుక బస్తాల మీద నిలబడి అత్త కొడవలి ఊపుతూ ముందు పోయే గొర్లను, మనుషులను పక్కకు తప్పించింది. కొంతదూరం పోయాక తన ఎడ్లను దాటుతున్నప్పుడు మాత్రం ఆమె అటు చూడలేదు. స్టేషన్‌లో గూడ్సు ఇంజను నీళ్లు పట్టుకుంటోంది. సావుకారు వ్యాగన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.  కండువా నడుముకు చుట్టుకుని మొదటి బస్తాకు తానే చెయ్యి వేశాడు. అప్పుడు మామ ముఖం చూశాను. ఆ సీజనంతా లారీకి తీరిక లేకపోయింది.

మరుసటి వారం మళ్లీ రాయచూరు పోయాము. సాయెబు మమ్మల్ని చూస్తూనే, "కితాబు పూర్తయిందా?" అన్నాడు. "అయింది సాబ్" అన్నాను. వేడి ప్లగ్గులు ఇచ్చాడు. నెల తర్వాత విప్పి చూస్తే మూతి సరైన రంగులో ఉంది. పుస్తకం ఆ రంగును కపిలవర్ణం అంది. నిఘంటువు చూసి దాని అర్థం తెలుసుకున్నాను గాని, ఎలా ఉంటుందో ఊహకు రాలేదు. అత్త ప్లగ్గు చేతిలోకి తీసుకుని, "ఏయించిన పల్లి పొట్టు" అంది. ఎడ్ల గంటలను ఆ రోజే తెచ్చి లారీ ముందు భాగాన కట్టింది.

పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు సెక్రటరీగారికి అంతా చెప్పాను. ఆయన చిరిగిన అంచు మీద చాలాసేపు వేలు తిప్పారు. "రెండు బీరువాలు సదివిన సదివిన అంటివి. ఈ ఒక్కటి సదివినవని ఇయ్యాల నమ్ముతున్న" అన్నారు. గోడ మీది కాగితం తీసేసి, బల్ల మీద ఒక చిన్న కత్తి పెట్టారు.

ఆ తర్వాత చాలా పుస్తకాలు చదివాను. ఇప్పుడు వచ్చేవన్నీ యంత్రం కోసినవే. అయినా యాభయ్యో పుట దగ్గర వేలు దానంతట అదే అంచును తడుముతుంది. ఆ అంచుల్లాగే ఏళ్లన్నీ నున్నగా వేలి కింది నుంచి జారిపోయాయి. ఇప్పటికీ గరుకుగా తగిలేది ఆ ఒక్క శుక్రవారమే.