అద్దానికి అంటుకున్న అమ్మ

పోయిన శ్రావణంలో రెండో సోమవారం, ఉదయం పదిన్నర. ఉరుకుంద ఈరన్న దర్శనం చేసుకుని నేనూ, ఎమ్మిగనూరులో ఉండే మా తమ్ముడూ ఆదోనిలోని మా ఇంటికి వచ్చాం. నాకు డెబ్బై నాలుగు, వాడికి అరవై తొమ్మిది. అమ్మది ఉన్నది ఒకే ఒక ఫొటో, మా గోడ మీద ఉంటుంది. అమ్మ ఒడిలో ఏడాది పిల్లాడిగా తమ్ముడు, పక్కన నిలబడి నేను. ఆ మరుసటి ఏడే అమ్మ పోయింది. వాడికి తెలిసిన అమ్మ ముఖం ఆ ఫొటోలోనిదే.

తనకూ ఒక కాపీ కావాలని వాడు సెల్‌ఫోన్‌తో తీయబోయాడు.

"అద్దం మెరుస్తాంది అక్కా, అమ్మ మొగం పడల్యా. ఫొటో బయటికి తీస్తా."

"వద్దురా, తడికి అంటుకపోయింటుంది. స్టూడియోకి తీస్కపోదాం."

"నలభై ఏండ్లు మగ్గం నేసినోన్ని. తెగిన పోగులు అతికిన చేతులివి, ఈ కాగితం తీయలేవా?" అని నవ్వాడు.

మేకులు ఊడదీసి, వెనక అట్ట తొలగించి, ఫొటో అంచు పట్టి లాగాడు. కాగితం వచ్చింది. అమ్మ ముఖం అద్దానికే ఉండిపోయింది. నానితే ఊడుతుందేమోనని కంగారులో తడిగుడ్డ అద్దాడు. అదీ చెరిగిపోయింది.

అన్నం తినకుండానే వాడు బస్సెక్కాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు. "అమ్మ ముక్కు ఎట్లుండె అక్కా?" అంటాడు. చెబుతాను. నిన్న చెప్పిందీ ఇవాళ చెప్పిందీ ఒకటేనా అని ఈమధ్య నాకే అనుమానం వస్తోంది.

ఆ రోజు పోయినవి అమ్మ ముఖం, ఆమె ఒడిలోని వాడి తల. పక్కన నిలబడిన నేను మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాను.