యాభై ఒకటి నుంచి యాభై అయిదుకి

విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటూ నేను యాభై ఒక్క కిలోల విభాగంలో కుస్తీ పట్టేదాన్ని. నా అసలు బరువు యాభై అయిదు దాకా ఉండేది. పోటీకి ముందు తూకం వేస్తారు కాబట్టి రెండు రోజులు నీళ్లు మానేసి, రెండు స్వెట్టర్లు వేసుకుని ఎండలో పరిగెత్తి ఆ నాలుగు కిలోలూ దించేదాన్ని. అందరూ అలాగే చేసేవాళ్లు. పెదవులు పగిలినా, కళ్లు తిరిగినా ముల్లు యాభై ఒకటి దగ్గర ఆగితే చాలనుకునేదాన్ని.

2006లో సెలెక్షన్ అలాగే గెలిచాను. మొదటిసారి విదేశానికి పంపుతామన్నారు. శిబిరానికి వచ్చేటప్పుడు రక్తపరీక్ష రిపోర్టు తెమ్మన్నారు. ఇంటికి చేరిన మర్నాడే అమ్మతో వెళ్లి పలాసలో రక్తం ఇచ్చాను. అమ్మ అక్కడే జీడిపప్పు ఒలిచే పనికి వెళ్లేది. సాయంత్రం వచ్చిన రిపోర్టులో క్రియాటినిన్ ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉంది.

ఇంటింటా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో ఆ మాటకి అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. మా పెదనాన్న కిడ్నీలు చెడిపోయే పోయాడు. అమ్మ రిపోర్టు మడిచి కొంగున ముడేసుకుంది.

"మీ పెదనాన్నకీ ఇలాగే కాయితం మీదే మొదలైనాది," అంది బస్సెక్కాక.

మర్నాడు టెక్కలిలో డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన అన్నీ అడిగి, రోజుకి నీళ్లెన్ని తాగుతావన్నాడు. అమ్మ ముందు అబద్ధం చెప్పబోయి, చెప్పలేక తూకం సంగతంతా బయటపెట్టాను.

అమ్మ నావైపు తిరిగింది. "నీల్లు మానీసి పరిగెడతన్నావా? మనూరు పిల్లవయ్యుండి? ఏటే ఇది?"

"జబ్బో, నీళ్లు లేక వచ్చినదో ఇప్పుడే చెప్పలేను," అన్నాడు డాక్టరు. "రెండు వారాలు కసరత్తు ఆపి, బాగా నీళ్లు తాగి మళ్లీ రండి."

అమ్మ పనికి వెళ్లేముందు చెంబు నింపి నా మంచం పక్కన పెట్టేది. నాన్న జీడితోట నుంచి రాగానే చెంబులోకి తొంగిచూసి, "ఇంకా ఉందేటి, తాగీ," అనేవాడు. ముఖం వాచిందేమోనని నేను పదేపదే అద్దం చూసుకునేదాన్ని. విదేశం సంగతి గుర్తే రాలేదు.

రెండో రిపోర్టు మామూలుగా వచ్చింది. డాక్టరు రెండుసార్లు చూసి, "కిడ్నీలు బాగున్నాయి. ఇంకెప్పుడూ ఒళ్లు ఎండబెట్టకు. ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించుకో," అన్నాడు. బయటికొచ్చి ఇద్దరం మెట్ల మీద కూలబడ్డాం. అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే, "ఆకలేత్తంది, ఏటైనా తిందాం," అంది. చెరో ప్లేటు ఇడ్లీ తిన్నాక ఇంకో ప్లేటు తెప్పించింది.

ఆ సాయంత్రమే కోచ్ మేడంకి ఫోన్ చేసి, ఇకనుంచి యాభై అయిదులోనే పోటీ చేస్తానన్నాను.

"అందులో వేరే అమ్మాయి ఎంపికైంది. ఈసారి నీకు ప్రయాణం ఉండదు. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నాను మేడం."

ఆవిడ "సరే, బాగా తిను," అంది.

కొత్త విభాగంలో అమ్మాయిలు నాకంటే బలమైనవాళ్లు. మొదట్లో వరసగా ఓడాను. ఏడాది తర్వాత సెలెక్షన్ గెలిచి కజకిస్థాన్ వెళ్లాను. అక్కడ తొలి కుస్తీలోనే ఓడాను. నన్ను ఓడించిన అమ్మాయి ఫైనల్‌కి చేరడంతో నియమం ప్రకారం నాకు మరో అవకాశం వచ్చింది. ఒకటి గెలిచి, కాంస్యం కోసం పట్టిన కుస్తీలో ఒక్క పాయింటు తేడాతో పతకం పోగొట్టుకున్నాను. అయిదో స్థానం. కానీ మూడో రౌండు ఆఖరి దాకా నా కాళ్లలో బలం ఉంది. అంతకుముందెప్పుడూ అలా లేదు.

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. పతకం రాలేదని చెప్పాను.

"దెబ్బలేటీ తగల్లేదు కదా?"

"లేదమ్మా."

"అయితే మరేటి. నాన్నకిత్తన్నాను, మాటాడు."

నాన్న ఫోన్ తీసుకుని, అక్కడ చలి ఎలా ఉందని అడిగాడు.