మూడో గేరు పట్టుకోండి

మా పక్కింటి వెంకటరాజు గారి జీపెక్కినవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడానికి వీల్లేదు. మూడో గేరు పట్టుకోవాలి. వదిలితే అది ఊడి న్యూట్రల్‌లో పడుతుంది. ఇంజను గోల పెడుతుంది, జీపు మాత్రం ఏదో గుర్తొచ్చినట్టు నెమ్మదిస్తుంది. "కాస్త పట్టుకోండి" అంటారు రాజుగారు. ఆయనకు కడియంలో నర్సరీ ఉంది. మొక్కలను కూడా "అండి" అని పిలుస్తారని మా వీధిలో అనుమానం.

ఆ గేరు పట్టుకోనివాళ్ళు మా చుట్టుపక్కల లేరు. పెళ్ళికి వెళ్తున్న పురోహితుడు గారు ఒక చేత్తో గేరు, ఇంకో చేత్తో కొబ్బరికాయల సంచీ పట్టుకున్నారు. మొక్కలు కొనడానికి నాగపూర్ నుంచి వచ్చిన షావుకారు నేర్చుకుని వెళ్ళిన తెలుగు మొత్తం "పట్టుకోండి".

పట్టుకున్న ప్రతివారూ జబ్బేమిటో కూడా చెప్పేవారు.

"క్లచ్ ప్లేటు అరిగిందండి" అన్నారు ధవళేశ్వరం నుంచి వచ్చిన ఒక గుమాస్తా గారు.

"అవునండి, అదే అయ్యుంటుందండి."

"ఇంజను బోల్టులు వదులయ్యాయండి" అన్నారు పాస్టరు గారు.

"అవునండి, అదే అయ్యుంటుందండి."

మా ఆర్‌ఎంపీ డాక్టరు గారు గ్యాస్ ట్రబుల్ అన్నారు. రాజుగారు దానికీ ఒప్పుకున్నారు. బాగుచేయించడం మాత్రం ఎవరి మాట మీదా జరగలేదు.

గేరు పట్టడంలో అందరికంటే ఘటికురాలు పాపాయమ్మ గారు. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పి వచ్చేదాకా మా పాపను చూసుకునేది ఆవిడే. ఇల్లు కాలవ అవతల, మోకాలు మాట వినదు. రాజుగారు పొద్దున్నే నర్సరీలో నీళ్ళు పెట్టించి టిఫినుకు ఇంటికొచ్చేటప్పుడు ఆవిడ దారిలో ఎక్కి, గేరు పట్టుకుని మా గుమ్మం ముందు దిగుతారు. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకోరు. మా ఇంట్లో టీ తాగితే గ్లాసుతో పాటు సింకులో గిన్నెలన్నీ కడిగేస్తారు.

ఇక నేను. పాప ఒళ్ళు వెచ్చబడితే రెండు థర్మామీటర్లతో చూసి, రెండూ ఒకటే చెబితే రెండూ పాడయ్యాయేమోనని మూడోది కొన్నదాన్ని. అలాంటిది, పాపకు టీకా వేయించడానికి ఆ జీపే ఎక్కాల్సి వచ్చింది. ఒక చేతిలో పాప, ఇంకో చేతిలో గేరు.

"రాజుగారూ, ఇది క్లచ్ కాదండి. క్లచ్ జారితే యాక్సిలరేటర్ తొక్కినా బండి లాగదు. ఇది తొక్కినంతసేపూ లాగుతోంది, కాలు తీయగానే గేరు ఊడుతోంది. లోపం గేరుబాక్సులో ఉంది."

"అవునమ్మా, అదే అయ్యుంటుంది. గట్టిగా పట్టుకోండి, వంతెన వస్తోంది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రాజుగారు భీమవరం పెళ్ళికి వెళ్తూ జీపు తాళం మా ఇంట్లో ఇచ్చినప్పుడు, మెకానిక్ గణేష్‌బాబును పిలిపించాను. గేరును దాని గాడిలో నొక్కిపట్టే చిన్న స్ప్రింగొకటి లోపల సగానికి విరిగి ఉంది.

"రాజుగారికి చెప్పారాండి?" అన్నాడు గణేష్‌బాబు.

"సర్‌ప్రైజ్."

అతను నావంక జాలిగా చూసి కొత్తది వేశాడు. విరిగినదాన్ని పారేయకుండా జేబులో పెట్టుకున్నాడు.

ఊరి నుంచి వచ్చిన రాజుగారు జీపు నడిపి చూశారు. మూడో గేరు రాయిలా నిలబడింది. "చాలా బాగుందమ్మా" అన్నారు, షుగరు రిపోర్టు చదువుతున్నవారిలా.

మర్నాడు పాపాయమ్మ గారు ఆలస్యంగా, కుంటుకుంటూ వచ్చారు.

"జీపు రాలేదాండి?"

"వచ్చిందమ్మా. ఎక్కాను. గేరు దానంతటదే నిలబడింది. మరి నేనెందుకు, బొమ్మలాగా? ఊరికే కూర్చుని తిరగడానికి నేనేమన్నా కలెక్టరునా? దిగిపోయాను."

ఆ వారమంతా నడిచే వచ్చారు. మోకాలు గుమ్మడికాయంత అయింది. శనివారం పాపను నా చేతికిస్తూ, "సోమవారం నుంచి ఇంకెవరినైనా చూసుకోమ్మా, నావల్ల కాదు" అన్నారు. పాప ఆవిడ కొంగు వదల్లేదు.

నేను పక్కింటికి పరుగెత్తాను. రాజుగారు జీపు పక్కనే కుర్చీ వేసుకుని దిగులుగా కూర్చున్నారు.

"నాలుగో గేరు ఊడుతోందని చెప్పి చూశానమ్మా. ఏదీ చూపించండి అన్నారావిడ. ఊడలేదు."

"అంటే ఆవిడ కోసమే ఇన్నాళ్ళూ బాగుచేయించలేదాండి?"

"అబ్బే, చేయించానమ్మా ఒకసారి. ఇలాగే నడిచారావిడ. మళ్ళీ ఆ విరిగిన స్ప్రింగే పెట్టించేశాను."

గణేష్‌బాబుకు ఫోన్ చేశాను. నేను నోరు విప్పకముందే, "జేబులోనే ఉందండి" అన్నాడు.

సోమవారం పొద్దున్న జీపు హారన్ వినిపించింది. పాపాయమ్మ గారు రెండు చేతులతో గేరు పట్టుకుని, మహారాణిలా కూర్చుని ఉన్నారు.

"ఏం బాగుచేయించావమ్మా! వారానికే పోయింది! నీ చదువుకేం గానీ, స్ప్రింగు చూసి కొనుక్కోవద్దూ?"

"నాసిరకం ఇచ్చారండి" అన్నాను. నా ఫిజిక్స్ పరువు కాలవలో కలిసింది.

"నేను పట్టుకోకపోతే ఈ బండి ఇల్లు చేరదు. ఏమంటారు రాజుగారూ?"

రాజుగారు స్టీరింగు మీద నుంచి చూపు తిప్పకుండా అన్నారు:

"అవునండి, అదే అయ్యుంటుందండి."